అనిపింపుల రిజిస్టరు

గెడ్డవలస బస్సు డిపోలోకి పులి వచ్చింది. అడవిలోంచి కాదు, హెడ్డాఫీసు వారి శిక్షణ తరగతుల్లోంచి వచ్చింది. డిపో మేనేజరు కేశవమూర్తి గారు దాన్ని ఫైల్లో పెట్టుకుని మరీ తెచ్చారు.

మూడు రోజులపాటు సముద్రం ఒడ్డున ఒక హోటల్లో అధికారులకి తరగతులు జరిగాయి. అక్కడ ప్రవర్తనా శాస్త్ర సలహాదారు డాక్టర్ మేఘనాథ్ అనే ఆయన మొదటి రోజే ఒక కథ చెప్పాడు. ఎప్పుడో లక్షల ఏళ్ళ కిందట ఇద్దరు ఆదిమానవులు గడ్డిలో నడిచి పోతున్నారు. గడ్డి కదిలింది. ఒకడు "గాలేమో" అని నిలబడ్డాడు. రెండోవాడికి కడుపులో ఏదో అనిపించి పరుగు లంకించుకున్నాడు. గాలేమో అన్నవాణ్ణి పులి తినేసింది. పరిగెత్తినవాడికి పిల్లలు పుట్టారు, వాళ్ళకి పిల్లలు పుట్టారు, ఆ వరసలో వాళ్ళమే మనమందరం. తొంభై తొమ్మిది సార్లు అది వట్టి గాలే అయినా నూరోసారి పులి ఉంటుంది గనక, ఉత్తపుణ్యానికి భయపడ్డవాడే బతికి బట్టకట్టాడు. తుమ్మితే ఆగడం, పిల్లి అడ్డొస్తే వెనక్కి తిరగడం, అన్నీ ఆ పరుగుకి పుట్టిన బిడ్డలేనన్నాడు.

ఈ భయాలు మనిషిని ఎక్కడెక్కడ తప్పుదోవ పట్టిస్తాయో రెండో రోజు చెప్పాల్సి ఉంది. రెండో రోజు అధికారులందరూ ఓడ చూడ్డానికి వెళ్ళారు.

కేశవమూర్తి గారు తిరిగొచ్చిన మర్నాడే నోటీసు బోర్డు మీద సర్క్యులరు వెలిసింది.

"పూర్వీకుల నుండి సంక్రమించిన అంతఃప్రేరణ సంస్థ యొక్క అమూల్య సంపద అయి ఉన్నందున, ఇకమీదట ప్రతి బస్సు బయలుదేరుటకు ముందు సంబంధిత సిబ్బంది తమకు ఏమి అనిపించుచున్నదో అనిపింపుల రిజిస్టరు నందు నమోదు చేయవలెను. ఎచ్చట అనిపించినది (కడుపు, కన్ను, భుజము, ఇతరములు) స్పష్టముగా తెలుపవలెను. కారణము వ్రాయరాదు. కారణము కొరకు ఆగినవానిని పులి భక్షించియున్నది."

దాన్ని అందరికంటే ఆఖర్న చదివినవాడు నర్సు మేస్త్రి. అసలు పేరు లంక అప్పలనర్సు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే షెడ్డులో మెకానిక్కు. చదవడం ఆలస్యమైంది గానీ, దానివల్ల మొదట దెబ్బ తిన్నవాడు అతనే.

ఆ డిపోలో ఒక అలవాటుంది. పొద్దున్నే బస్సు గేటు దాటే ముందు డ్రైవరు బ్రేకు తొక్కి పట్టుకుంటాడు. నర్సు మేస్త్రి వెనక చక్రం దగ్గర వంగుని, కళ్ళు మూసుకుని వింటాడు. తలూపితే బస్సు వెళుతుంది, తలూపకపోతే షెడ్డులో మరమ్మతు గుంత మీదకెక్కుతుంది. ఒక్క నిమిషం పని. దీన్ని డిపోలో "చెవి పెట్టడం" అంటారు. మేస్త్రి చెవి పెట్టని బస్సుని ఘాటు రోడ్డు మీదకి తీసుకెళ్ళిన డ్రైవరు ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో లేడు. చెవి పెట్టాక మేస్త్రి తనకి తోచింది డిఫెక్టు పుస్తకంలో రాసేవాడు.

రిజిస్టరు నింపడానికి పదకొండు నిమిషాలు పడుతోంది కాబట్టి చెవి పెట్టే నిమిషాన్ని రద్దు చేశారు. డిఫెక్టు పుస్తకానికి ఆఖరి పేజీలో అడ్డంగా ఎర్రగీత గీసి, రికార్డు గదికి పంపేశారు.

"మరి బ్రేకులెవులు సూత్తారు బావూ?" అని అడిగాడు మేస్త్రి.

"లక్షల ఏళ్ళ పరిణామం చూస్తుంది మేస్త్రీ. మీకున్నది ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం. ఏది పెద్దదో మీరే కూడిక చేసుకోండి" అన్నారు కేశవమూర్తి గారు దయగా.

మేస్త్రి కూడిక చేసుకోలేదు, షెడ్డులోకి పోయి బీడీ వెలిగించుకున్నాడు.

మొదటి వారం తుమ్ములతో గడిచింది. ఒక తుమ్ము అశుభం, రెండు తుమ్ములు శుభం అన్నది లోకంలో అందరికీ తెలిసిందే. అయితే డిపో గేటుకి ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి ఉంది. మూకుడు కాగే వేళకి గాలి ఇటు తిరిగిందంటే డిపో డిపో అంతా తుమ్ముతుంది. లెక్క తేలక బస్సులు ఆగిపోయాయి. అందుకని ఒక గుమాస్తాని పలకతో గేటు దగ్గర కూర్చోబెట్టారు. అతను "పాలవలస బస్సుకి ఏడు" అని అరిస్తే డ్రైవరు దిగి, స్టోర్సుకి వెళ్ళి, సంతకం పెట్టి చిటికెడు ముక్కుపొడి తీసుకుని, ఎనిమిదోది తుమ్మి బండెక్కాలి. ఎనిమిదో తుమ్ముతో పాటు తొమ్మిదోది కూడా వచ్చేసిన ఒక డ్రైవరు ఆ రోజంతా స్టోర్సులోనే ఉండిపోయాడు.

రెండో వారం పిల్లి వచ్చింది. అది స్టోర్సులో ఎలకల కోసం ఉండే పిల్లే, కొత్తదేం కాదు. పొద్దున్న ఏడింటికి బజ్జీల బండి దగ్గరకి నడిచెళ్ళడం దానికి అలవాటు. ముందున్న బస్సు ఆగింది. పిల్లి అడ్డొచ్చిన దారిని ఎవరో ఒకరు దాటేస్తే ఆ దోషం వాళ్ళకి పోతుంది గనక, దాని డ్రైవరు వెనక బస్సుని ముందుకి రమ్మని చెయ్యూపాడు. వెనకవాడు తన వెనకవాణ్ణి చూపించాడు. అలా పదకొండు బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఒకదాన్నొకటి మర్యాద చేసుకున్నాయి. పిల్లిని మార్చేస్తే పోదా అన్నాడెవడో. "అది మన హెచ్చరిక వ్యవస్థ" అని కేశవమూర్తి గారు కోప్పడి, ప్రథమ అతిక్రమణ సహాయకుడు అనే ఉద్యోగం సృష్టించారు. పిల్లి నడిచిన దారిని సైకిలు మీద ముందుగా దాటడమే అతని పని. నమ్మకం లేనివాడే దానికి తగినవాడని తేల్చి వెతికితే డిపో మొత్తానికి వాచ్‌మన్ భుజంగం ఒక్కడే దొరికాడు. నమ్మకం లేదన్న సంగతికి తహసీల్దారు దగ్గర్నుంచి ధ్రువపత్రం తెమ్మన్నారు. తహసీల్దారు ఇద్దరు సాక్షుల్ని తెమ్మన్నాడు. ఆ ధ్రువపత్రం వచ్చేదాకా పదకొండు బస్సులూ పక్క గోడ పడగొట్టి ఆ సందులోంచి వెళ్ళాయి.

ఇదంతా చూసి మేస్త్రికి నవ్వొచ్చేది. ఇంటికెళ్ళి భార్యకి అభినయించి చూపించేవాడు. మూడో వారంలో ఆ నవ్వు పోయింది.

మూడో వారం "ఎదురు" మీద సర్క్యులరు వచ్చింది. బయలుదేరే బస్సుకి ముత్తయిదువ ఎదురు రావలెను, భర్త పోయినవారు ఎదురు వచ్చినచో డ్రైవరు తక్షణం బ్రేకు వేసి, బస్సును షెడ్డుకు తరలించి, మర్నాటి వరకు కదపరాదు.

అది గున్నమ్మకి తగిలింది. గున్నమ్మ ఘాటు బస్సు కండక్టరు. భర్త అదే డిపోలో డ్రైవరుగా ఉంటూ కామెర్లతో పోతే, ఆ ఉద్యోగం బదులు ఈ ఉద్యోగం ఇచ్చారు. పన్నెండేళ్ళుగా సంతకి పోయే జనాన్నీ, కోళ్ళ గంపల్నీ, అల్లం బస్తాల్నీ ఎక్కించి, దించి, తిట్టి, మళ్ళీ నవ్వించి తీసుకొచ్చే మనిషి. ఆమె "రైట్ రైట్" అంటే ఘాటు కింద ఉన్నవాళ్ళకి కూడా వినపడేదని డ్రైవరు తమ్మినాయుడు హాస్యమాడేవాడు. ఆమెను బస్సు దింపేసి, దొడ్డిగేటు దగ్గర గదిలో చిరిగిన టిక్కెట్టు సంచులు కుట్టే పని అప్పగించారు. రావడం, పోవడం కూడా దొడ్డిగేటు నుంచేనన్నారు.

గున్నమ్మ నేరుగా కేశవమూర్తి గారి గదిలోకి వెళ్ళింది. బల్బు మార్చడానికి ఎక్కిన మేస్త్రి నిచ్చెన మీదే ఉన్నాడు.

"నానెదురొస్తే బస్సు కదలకూడదా బావూ?"

"ఇది మీ వ్యక్తిత్వం మీద వ్యాఖ్య కాదమ్మా. పూర్వీకుల అనుభవసారం."

"అలగైతే బస్సులకి బ్రేకులెందుకు? ఘాటు దిగినప్పుడు నన్ను తీసుకెళ్ళి ముందల నిలబెట్టండి, సాలదేటి?"

కేశవమూర్తి గారు ఆ సూచనను పరిశీలనకై రాసుకున్నారు. గున్నమ్మ గుమ్మం దాటాక కొంగుతో కళ్ళొత్తుకుంది. నిచ్చెన మీదున్న మేస్త్రికి అది కనపడింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో బల్బుని తిప్పకూడని వైపు తిప్పి పగలగొట్టాడు.

ఇక ఆ సోమవారం సంగతి. సోమవారం కొండ మీద సంత. ఆరూ ఇరవైకి ఘాటు బస్సు, దాని నంబరు నలభైరెండు పన్నెండు. అంకెలన్నీ కూడితే తొమ్మిది వస్తుంది కాబట్టి కొత్త విధానం వచ్చాక ఆ బస్సుని ఎవరూ అనుమానించకూడదనే ఏర్పాటుంది. పైగా ఆ రోజు డాక్టర్ మేఘనాథే స్వయంగా వస్తున్నాడు, ఆదర్శ డిపోని చూసి, మొదటి బస్సుకి పచ్చజెండా ఊపడానికి. గేటు బయట ఆయన తెల్ల కారు ఆగి ఉంది. దాని పక్కన రోడ్డు పనికి పోసిన ఇసక కుప్ప ఉంది.

ఐదున్నరకి తమ్మినాయుడు బస్సుని షెడ్డులోంచి తీస్తుంటే మేస్త్రి పళ్ళు తోముకుంటున్నాడు. బస్సు పక్కనుంచి పోయింది. మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. ఏమైందంటే ఏమీ అవలేదు. ఇంజను శబ్దం బాగానే ఉంది, పొగ బాగానే ఉంది. అయినా ఏదో బాగులేదు. అది కడుపులో అనిపించిందా, భుజంలో అనిపించిందా అంటే అతను చెప్పలేడు. పుల్ల పారేసి బస్సు వెనకాల పరిగెత్తాడు.

"నాయుడూ, ఓసారి తొక్కి ఉంచరా."

తమ్మినాయుడు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని తొక్కాడు. మేస్త్రి వంగి, కళ్ళు మూసుకున్నాడు. వెనక చక్రం దగ్గర సన్నగా, ఊదుతున్నట్టు గాలి పోతోంది. కిందకి దూరి చూశాడు. గాలితో బ్రేకు పట్టించే చాంబర్లో రబ్బరు పొర చిట్లింది. నాలుగుసార్లు గట్టిగా తొక్కితే చాలు, పూర్తిగా పోతుంది. ఘాటు దిగేటప్పుడు నలభైసార్లు తొక్కాలి. అతను కిందనుంచి బయటికొచ్చేసరికి సంత జనం అరవై మంది బస్సెక్కి కూర్చున్నారు.

"నానేటి సెయ్యను అన్నా" అన్నాడు తమ్మినాయుడు ఏడుపు గొంతుతో. "ముందటి వారం నీ మాట ఇని బస్సాపితే, శుభమని రాసున్న బండిని అనుమానించేనని మెమో ఇచ్చేరు. ఇంకోటొస్తే ఇంటికే."

మేస్త్రి గ్రీజు చేతులతోనే కేశవమూర్తి గారి గదికి పరిగెత్తాడు. లోపల డాక్టర్ గారు కాఫీ తాగుతున్నాడు.

"బావూ, నలభైరెండు పన్నెండు ఎల్లకూడదండి. ఎనక చాంబర్లో రబ్బరు చిట్లిపోనాది. తొక్కితే గాలి పోతంది."

"గాలే కదా మేస్త్రీ" అన్నారు కేశవమూర్తి గారు.

డాక్టర్ గారికి మాత్రం ఆసక్తి పుట్టింది. ముందుకి వంగాడు. "మొదట మీకు ఏమనిపించింది? చూడకముందు?"

"ఏదో బాగులేదనిపించిందండి."

"అద్భుతం. ఎందుకో తెలీదు కదా?"

"అప్పుడు తెలీదండి. కిందకి దూరి సూసినాక తెలిసింది."

డాక్టర్ గారి మొహం వాడిపోయింది. కేశవమూర్తి గారు కలం కింద పెట్టేశారు.

"ఎంత పని చేశారు మేస్త్రీ. స్వచ్ఛమైన అనిపింపు. చూసి, దాన్ని కలుషితం చేసేశారు. ఇప్పుడది కారణసహితం. రిజిస్టర్లో కారణానికి గడి లేదు."

"మరి డిఫెక్టు పుస్తకంలో రాత్తాను, ఇప్పించండి."

"రికార్డు గది తాళం ఆదివారం, సోమవారం ఇవ్వరు."

మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే నా ఎడమ కన్ను అదురుతందండి. తెగ అదురుతంది. రాసుకోండి."

"కారణం తెలిసిన తర్వాత వచ్చే అదురు అసత్య అనిపింపు కిందకి వస్తుంది. అది క్రమశిక్షణా చర్యకి అర్హం. మీరు పెద్దవారు గనక నేను వినలేదనుకుంటాను." కేశవమూర్తి గారు రిజిస్టరు తిప్పి చూపించారు. "ఇదిగో, నలభైరెండు పన్నెండు. పొద్దున్నే డ్రైవరు కుడి భుజం మీద బల్లి పడింది. శుభం. నా సంతకం కూడా అయిపోయింది."

గోడ గడియారం ఆరూ పది చూపిస్తోంది. మేస్త్రి బయటికొచ్చాడు. గాలేమో అన్నవాణ్ణి పులి తినేసిందని డిపో అంతటికీ చెప్పినవాళ్ళే గాలే కదా అంటున్నారు, ఇంకెవడికి చెప్పుకుంటాడు? ఏం చెయ్యాలో తోచక దొడ్డిగేటు వైపు నడిచాడు. అక్కడ గున్నమ్మ ఒళ్ళో టిక్కెట్టు సంచి పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. అతని మొహం చూసి సూది ఆపింది.

"ఏటైనాది మేస్త్రన్నా?"

చెప్పాడు. చాంబరు, రబ్బరు, అరవై మంది, బల్లి, తాళం అన్నీ ఒక్క గుక్కలో చెప్పాడు. గున్నమ్మ సూదిని సంచికి గుచ్చింది. తర్వాత అడిగింది.

"నానెదురొస్తే తక్షణం బ్రేకు ఎయ్యాల, షెడ్డుకి తోలాల. రూలదే కదా?"

"అదే."

"గేటు దగ్గర బండి మెల్లిగుంతాది కదా?"

"మెల్లిగే. అక్కడ ఆగకపోనా ఇసక్కుప్ప ఉంది."

గున్నమ్మ సంచి పక్కన పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని లేచింది.

పెద్దగేటు దగ్గర పచ్చజెండా ఊగింది. ముత్తయిదువ డ్యూటీలో ఉన్న స్వీపరు పళ్ళెంతో ఎదురొచ్చి పక్కకి తప్పుకుంది. తుమ్ముల గుమాస్తా "సున్నా" అని అరిచాడు. పిల్లి రాలేదు. ఇంత శుభంగా ఏ బస్సూ ఆ డిపో నుంచి బయలుదేరలేదు. నలభైరెండు పన్నెండు గేటు వాలులోకి మెల్లిగా దిగుతుంటే, గోడ వెనకనుంచి గున్నమ్మ వచ్చి, సరిగ్గా మధ్యలో, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడింది.

తమ్మినాయుడు సర్క్యులరు ప్రకారం తక్షణం బ్రేకు వేశాడు. బలంకొద్దీ వేశాడు. ఉన్న కాస్త రబ్బరూ పోయి, ఫట్టుమని చప్పుడైంది. పెడలు నేలకంటింది. బస్సు ఆగలేదు.

గున్నమ్మ పక్కకి తప్పుకుంది. బస్సు నడిచే మనిషంత వేగంతో, తొందరేమీ లేకుండా, తెల్ల కారు వైపు పోయింది. కారుకీ బస్సుకీ మధ్య డాక్టర్ గారు జెండాతో ఉన్నాడు. "పారిపోండి బావూ" అని మేస్త్రి కేక పెట్టాడు. డాక్టర్ గారు కదల్లేదు. "ఎందుకు?" అన్నాడు. బంపరు జెండా కర్రకి తగిలాక మాత్రం ఆయనలో పూర్వీకుడు లేచాడు. రోడ్డు పక్క కాలవని ఒక్క దూకులో దాటి, అవతల కాలు బెణికించుకున్నాడు. బస్సు కారుని నెట్టుకుంటూ వెళ్ళి ఇసక కుప్పలో దిగబడి ఆగింది. రెండు కోళ్ళు గంపలోంచి పారిపోయాయి. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. అరవై మందీ దిగి ఇసక మీద కూర్చున్నారు. మేస్త్రి కూడా వాళ్ళ పక్కనే కూలబడి, ఎవరో ఇచ్చిన మంచినీళ్ళు తాగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

విచారణ మూడు రోజులు జరిగింది. చాంబరుని బల్ల మీద పెట్టి, చిట్లిన చోటు వేలితో చూపించాడు మేస్త్రి. కారణసహితమైనందున దాన్ని పరిగణనలోకి తీసుకోలేదు. నివేదిక ఇలా ఉంది: "సర్వశుభములతో బయలుదేరిన వాహనమునకు భర్తృహీన ఎదురు వచ్చిన క్షణముననే బ్రేకులు విఫలమైనవి. ఎదురు యొక్క శక్తి ఇందుమూలముగా నిరూపితమైనది. విధానము విజయవంతమైనది." గున్నమ్మకి ఛార్జి మెమో ఇచ్చి, నిషేధిత గేటులోకి ఏ కారణం చేత వచ్చావో సంజాయిషీ చెప్పమన్నారు.

గున్నమ్మ కేశవమూర్తి గారి ముందు నిలబడింది. గుమ్మం దగ్గర మేస్త్రి నిలబడి ఉన్నాడు. అతని పేరు చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి.

"కారణమేటీ నేదు బావూ" అంది గున్నమ్మ. "ఏదో అనిపించింది."

కాలికి కట్టుతో కూర్చున్న డాక్టర్ గారు మెల్లిగా లేచి నిలబడ్డాడు. "స్వచ్ఛమైనది" అన్నాడు. కారణం లేని అనిపింపుని తిరస్కరించే అధికారం ఆ డిపోలో ఎవరికీ లేదు. ఛార్జి మెమో అక్కడికక్కడే చింపేశారు. ఎచ్చట అనిపించినది అన్న గడి నింపమంటే గున్నమ్మ "చెవి" అని రాసింది. ఎవరి చెవి అని అడగడానికి గడి లేదు.

ఆ నెలాఖరుకి ఆమెను ఎదురు నియంత్రణాధికారిణిగా పెద్దగేటుకి వేశారు. కుర్చీ, గొడుగు, ఈల ఇచ్చారు. ఇప్పుడు పొద్దున్నే నర్సు మేస్త్రి పళ్ళు తోముకుంటూ బస్సుల పక్కనుంచి ఊరికే నడుస్తాడు. తర్వాత టీ తాగడానికి గేటు దగ్గరకొచ్చి ఒక నంబరు చెబుతాడు. ఆ నంబరు బస్సు రాగానే గున్నమ్మ ఎదురెళ్ళి నిలబడుతుంది, అది షెడ్డుకి పోతుంది. ఘాటు మీద ప్రమాదమన్న మాట లేదు. మిగతా డిపోల వాళ్ళు తమకీ అలాంటి మనిషిని పంపించమని హెడ్డాఫీసుకి రాస్తున్నారు.

ఒకరోజు గున్నమ్మ అడిగింది, "నా బస్సు నాకెప్పుడిత్తారు బావూ?"

"మీరు బస్సెక్కితే డిపోని కాపాడేదెవరమ్మా?" అన్నారు కేశవమూర్తి గారు. అందులో ఆయన నిజాయితీకి లోటేమీ లేదు.

బాగున్న బస్సు బయలుదేరేటప్పుడు ఆమె మొహం బస్సుకి కనపడకూడదు, అది రూలు. అందుకని ఒకటో రెండో బస్సులకి ఎదురెళ్ళి, మిగిలిన ముప్పై చిల్లర బస్సులకీ గున్నమ్మ గోడవైపు తిరిగి నిలబడుతుంది. సోమవారం ఆరూ ఇరవైకి నలభైరెండు పన్నెండు కొత్త చాంబరుతో, సంత జనంతో గేటు దగ్గరకి వస్తుంది. దాంట్లో కొత్త కండక్టరు ఉన్నాడు, అతను ఈల వేస్తాడు. తమ్మినాయుడు బండి కదపడు. ఇంజను ఆన్‌లో ఉంచి, గోడవైపు తిరిగున్న ఆ వీపుని చూస్తూ కూర్చుంటాడు.

గున్నమ్మ వెనక్కి తిరక్కుండానే గోడ మీద రెండుసార్లు చేత్తో చరిచి, "రైట్ రైట్" అంటుంది. అప్పుడు బస్సు కదులుతుంది.